ఉబ్బసం వున్న ఇంటికి ఏ వాక్యూమ్ క్లీనర్?

తెల్లవారగానే చీపురు పట్టడం మన ఇళ్ళలో ఆచారం. వూడుస్తున్నప్పుడు కిటికీలోంచి ఎండపొడ పడితే, ఆ వెలుగులో లేచి ఆడే నలుసుల్ని మీరు చూసే వుంటారు. కసవు గడప దాటి పోతుంది గాని ఆ నలుసులు ఎక్కడికీ పోవు. కాసేపు గాలిలో తిరిగి మళ్ళీ పరుపుమీదికీ, మన ఊపిరితిత్తుల్లోకీ చేరుకుంటాయి. ఆరోగ్యవంతునికి రెండు తుమ్ములతో తీరిపోయే ఈ వ్యవహారం ఉబ్బసం రోగి చేత రాత్రంతా జాగారం చేయిస్తుంది.

"డాక్టరుగారూ! మా అబ్బాయికి ఆయాసం. వాక్యూమ్ క్లీనర్ కొంటే మంచిదేనా? ఏ రకం కొనమంటారు?" అని అడిగే తల్లిదండ్రులున్నారు. వేలల్లో ఖర్చయ్యే సంగతి కనుక, ముందు కొన్ని విషయాలు తెలుసుకుని, తర్వాత బజారుకు వెళ్ళండి.

దుమ్ములో ఏముంది?

ఇంటి దుమ్ము అంటే ఉత్త మట్టి కాదు. మన ఒంటినుంచి రాలిన చర్మపు పొలుసులు, నూలు పీచు, బూజు, బొద్దింకల అవశేషాలు, వీటితోపాటు కంటికి ఆనని దుమ్ముపురుగులూ వుంటాయి. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వూర్‌హోర్స్ట్, ఆయన సహచరులు దుమ్ము పడకపోవడానికి ఈ పురుగు కారణం కావచ్చునని 1964లో వెల్లడించారు. దీని పొడవు మిల్లీమీటరులో మూడోవంతుకు మించదు. కుట్టదు, కరవదు. మన చర్మపు పొలుసులే దాని తిండి; పరుపు, దిండు, తివాచీ దాని కాపురం. దాని మలంలో వుండే మాంసకృత్తులే చాలామందికి ఆయాసం తెప్పిస్తాయి. గాలిలో తేమ ఎక్కువైతే ఈ పురుగులు మరీ పెరుగుతాయి. కోస్తా ఊళ్ళవారు ఇది గుర్తుంచుకోవాలి.

యంత్రాలలో రెండు రకాలు

అప్‌రైట్ రకంలో మోటారు, దుమ్ముసంచి, బ్రష్ అన్నీ ఒకే నిలువు పిడికి అమర్చి వుంటాయి. చిత్రమేమంటే, దీన్ని తయారుచేసినవాడు స్వయంగా ఉబ్బసం రోగి! అమెరికాలో ఓహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో ఒక దుకాణాన్ని శుభ్రంచేసే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్, ఆ దుమ్ముకు దగ్గలేక ఫాను మోటారు, చీపురుకర్ర, దిండు గలీబు కలిపి ఈ యంత్రాన్ని కట్టాడు. 1908లో పేటెంటు పొందాడు. తర్వాత ఆ హక్కులు హూవర్ కుటుంబం చేతికి వెళ్ళాయి. దీని అడుగున గిరగిర తిరిగే బ్రష్ తివాచీలో ఇరుక్కున్న దుమ్మును దులిపి లాగుతుంది. గోడనుంచి గోడదాకా తివాచీ పరుచుకునే అమెరికా, ఇంగ్లండు ఇళ్ళకు ఇది బాగా సరిపోతుంది.

కానిస్టర్ రకంలో మోటారు, దుమ్ముసంచి ఒక డబ్బాలో వుంటాయి. ఆ డబ్బా నేలమీద మన వెనకే వస్తుంది. చేతిలో వుండేది పొడుగాటి గొట్టం మాత్రమే. స్వీడన్‌లోని ఎలక్ట్రోలక్స్ 1921లో ఈ పద్ధతిలో నేలమీద జారే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. మన దేశంలో 1982లో ఏర్పడిన యూరేకా ఫోర్బ్స్ మనుషులు ఇంటింటికీ వచ్చి చూపించింది కూడా ఈ తరహా యంత్రాన్నే.

మన ఇంటికి ఏది?

మనవి తాండూరు బండలు, మొజాయిక్, టైల్సు పరిచిన ఇళ్ళు. గట్టి నేలమీద తిరిగే బ్రష్‌కు పని తక్కువ. ఒక్కోసారి దుమ్మును పక్కకు చిమ్ముతుంది కూడా. పైగా మన ఇళ్ళలో దుమ్ము దాక్కునేది మంచం కింద, బీరువా వెనక, కిటికీ ఊచల్లో, సోఫా సందుల్లో, పరుపు కుట్లలో. అక్కడికి గొట్టం పోతుంది గాని, నిలువు యంత్రం పోదు. కనుక మన ఇళ్ళకు చాలావరకు కానిస్టర్ రకమే అనువైనది.

నడుంనొప్పి వున్నవారికి మాత్రం ఒక హెచ్చరిక. గొట్టం పొట్టిదైతే వంగి చేయాల్సి వస్తుంది. మీ ఎత్తుకు తగ్గట్టు సాగే గొట్టం వుందో లేదో దుకాణంలోనే పట్టుకుని చూడండి. అప్‌రైట్‌తో వంగే పని లేదు గాని, మెట్లెక్కించేటప్పుడు బరువంతా చేతిమీదే పడుతుంది.

రకంకంటే ముఖ్యమైనది

ముందునుంచి లాగిన దుమ్ము వెనకనుంచి బయటికి వస్తోందా? అసలు ప్రశ్న ఇదీ! ఒక తల్లి ఇలాగే యంత్రం కొని, పక్కన కొడుకును కూర్చోబెట్టుకుని వాడి పరుపు శుభ్రం చేసింది. ఆ రాత్రే పిల్లవాడికి ఆయాసం ఎక్కువైంది. చూస్తే, అది ఉత్త గుడ్డసంచీ యంత్రం. పెద్ద నలుసులు సంచిలో ఆగాయి. సన్నటి దుమ్మంతా గదిలోకే వచ్చింది. పాపం, ఆ తల్లి చేసిన తప్పేమీ లేదు. ఆమెకు చెప్పినవారు లేరు, అంతే.

అందుచేత హెపా ఫిల్టరు వున్న యంత్రమే తీసుకోండి. ఈ ప్రమాణానికి తగిన ఫిల్టరు 0.3 మైక్రాన్ నలుసుల్లో 99.97 శాతాన్ని ఆపుతుంది. అయితే యంత్రపు అతుకుల్లోంచి గాలి కారితే ఎంత మంచి ఫిల్టరైనా వృథాయే. పారవేసే కాగితపు సంచి వున్నది రోగి ఇంటికి మేలు. సంచి లేని రకంలో డబ్బా దులిపేటప్పుడు దుమ్ము ముఖానికి కొడుతుంది. ఇక వాట్లు చూసి మోసపోకండి. వాట్లు తెలిపేది కరెంటు ఖర్చును, పీల్చే బలాన్ని కాదు. యూరోపియన్ యూనియన్ 2017నుంచి ఇళ్ళలో వాడే ఈ యంత్రాలను 900 వాట్లలోపే వుండాలని కట్టడి చేసింది.

వాడే పద్ధతి

యంత్రం నడిపే పని రోగికి అప్పగించకండి. ఆ సమయంలో రోగిని గదిలో వుంచకండి; పని ముగిశాక కూడా కనీసం ఇరవై నిమిషాలు ఆగనివ్వండి. కిటికీలు తెరిచి వుంచండి. సంచిని ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని మార్చండి. నిప్పురవ్వలున్న సాంబ్రాణి బూడిదను పీల్చనివ్వరాదు. పగిలిన థర్మామీటరు పాదరసాన్ని కూడా పీల్చనివ్వరాదు. అది ఆవిరై ఇల్లంతా వ్యాపిస్తుంది.

పరుపుపై దుమ్మును యంత్రం లాగుతుంది గాని, పీచును కరుచుకుని వున్న పురుగులు ఒక పట్టాన రావు. అందుకని దుప్పట్లు, గలీబులు వారానికొకసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకండి. పరుపును మంచి ఎండలో వేయండి. దులపడం మాత్రం రోగికి దూరంగా జరగాలి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. దుమ్ముపురుగులను తగ్గించే పద్ధతులపై జరిగిన 54 పరిశోధనలను 2008 నాటి కాక్రేన్ సమీక్ష పరిశీలించింది. ఆ పద్ధతులవల్ల ఉబ్బసం తగ్గినట్టు రుజువు దొరకలేదు. కాబట్టి యంత్రం కొన్నామని ఇన్‌హేలర్ మానిపించకండి! ఆ పొరపాటు ప్రాణంమీదికి తెస్తుంది. యంత్రం ఇంటిని శుభ్రంచేస్తుంది. జబ్బును అదుపులో వుంచేది మందే.

కొనే స్తోమత లేదని బాధపడవలసిన పని కూడా లేదు. తివాచీలు తీసేసి, పొడి చీపురుకు బదులు తడిగుడ్డతో నేల తుడవండి. తడికి అంటిన దుమ్ము గాలిలోకి లేవదు. బకెట్టు నీళ్ళు, పాతగుడ్డ లేని ఇల్లు వుండదు గదా!