మోటారుసైకిలుకు గాలి అద్దము ఎంత ఎత్తు ఉండవలె?

శ్రీ సత్యసాయి జిల్లాకు పడమటి అంచున, కర్ణాటక సరిహద్దు దగ్గర ఉన్న మండలము అగళి. వక్కల బేరము మీదను, పట్టుగూళ్ళ అమ్మకము మీదను ఇక్కడి రైతులు మడకశిరకు, హిందూపురమునకు మోటారుసైకిళ్ళపై పోయి వస్తుంటారు. ఆషాఢమాసములో ఈ ప్రయాణమున ఒక విచిత్రము కనిపిస్తుంది. ఉదయము హిందూపురము పోయేటప్పుడు చెవులకు అంత శ్రమ ఉండదు. సాయంకాలము అదే బండిమీద, అదే వేగముతో తిరిగి వచ్చేటప్పుడు మాత్రము చెవులలో హోరు పుడుతుంది, తల అదురుతుంది, ఇల్లు చేరిన తరువాత కూడ కొంతసేపు చెవులు గింగురుమంటూనే ఉంటాయి.

బండి మారలేదు, బాట మారలేదు. మారినది దిక్కు. నైరుతి ఋతుపవనకాలములో ఈ ప్రాంతమున గాలి పడమటినుండి బలముగా వీస్తుంది. పెనుకొండ, ధర్మవరముల నడుమ రామగిరి కొండలమీద 1990 దశకములో గాలిమరలు నెలకొల్పినది ఈ గాలి బలమును నమ్ముకొనియే. అగళి హిందూపురమునకు పడమట ఉన్నది. కనుక తిరుగు ప్రయాణమంతా ఎదురుగాలిలోనే సాగుతుంది.

ఈ బాధను తప్పించుకొనుటకు పలువురు బండి ముందు విండ్‌షీల్డు, అనగా గాలి అద్దము, బిగించుకుంటారు. కొందరికి అది హాయినిస్తుంది. కొందరికి మునుపటికంటె రొద ఎక్కువవుతుంది. వారు ఇంకా పెద్ద అద్దము కొంటారు. అప్పటికీ ఫలితము ఉండకపోవచ్చు. అద్దము ఎంత పెద్దదన్నది ఇక్కడ ముఖ్యము కాదు. దాని పై అంచును దాటిన గాలి ఎక్కడికి పోయి తగులుతున్నదన్నదే ముఖ్యము. ఇది ఎందుకో తెలియాలంటే గాలి రొద పుట్టే తీరు ముందు తెలియవలె.

బండి వేగము, గాలి వేగము

బండిమీది మీటరు నేలకు సంబంధించిన వేగమునే చూపుతుంది. చెవికి తగిలేది గాలికి సంబంధించిన వేగము. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోయే మనిషికి ఎదురుగా గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, అతనిని తాకే గాలి వేగము 90 కిలోమీటర్లు. అదే గాలి వీపు వెనుకనుండి వీస్తే ఆ వేగము 30 మాత్రమే.

గాలి తాకిడి వేగముయొక్క వర్గమును అనుసరించి పెరుగుతుంది. సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఈ నేలపై, గంటకు 60 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరు మేర అడ్డముగా నిలిచిన దానిని సుమారు 16 కిలోల బరువంత బలముతో నెట్టుతుంది. వేగము 90 అయితే ఆ బలము 35 కిలోలు. వేగము ఒకటిన్నర రెట్లయితే తాకిడి రెండుంబాతిక రెట్లయినదన్నమాట.

రొద పెరుగుదల దీనికంటె తీవ్రము. గాలి ఒక గట్టి వస్తువును ఒరసికొని పోయేటప్పుడు పుట్టే శబ్దశక్తి, సిద్ధాంతము ప్రకారము, వేగముయొక్క ఆరవ ఘాతమును అనుసరించి పెరుగుతుంది. గాలి ప్రవాహమునుండి శబ్దము పుట్టే విధమునకు 1952లో లైట్‌హిల్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గణితసిద్ధాంతమును ఏర్పరచగా, గట్టి వస్తువుల సమక్షములో ఏమి జరుగుతుందో 1955లో కర్ల్ నిరూపించినాడు.

రొద ఎక్కడ పుడుతుంది?

గాలి వీచేటప్పుడు కరెంటు తీగలు పాడడము అందరు విన్నదే. తీగను దాటిన గాలి దాని వెనుక ఒకసారి పైనుండి, ఒకసారి క్రిందనుండి సుడులు వదలుతుంది. ఆ సుడుల లయయే ఆ పాట. సెకనుకు ఎన్ని సుడులు పుట్టునో చెప్పే సూత్రమును 1878లో స్ట్రౌహాల్ కనుగొన్నాడు. గాలి వేగమును వస్తువు అడ్డుకొలతతో భాగించి, వచ్చినదానిలో సుమారు అయిదవవంతు తీసుకోవలె. 3 మిల్లీమీటర్ల తీగపై సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తే సెకనుకు 670 సుడులు పుడతాయి. అది చెవికి స్పష్టముగా వినిపించే స్వరము.

ఇదే సూత్రమును గాలి అద్దమునకు స్థూలముగా అన్వయింపవచ్చును. అద్దము అడ్డుకొలత 40 సెంటీమీటర్లు, గాలి వేగము సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు అనుకొనుము. సెకనుకు పుట్టే సుడులు సుమారు 10. సెకనుకు 20 కంపనములకు లోబడినది మనిషి చెవికి ధ్వనిగా వినబడదు. కాని తలకు అది దెబ్బవలె తెలుస్తుంది. సెకనుకు పదిమారులు ఎవరో హెల్మెట్‌ను తట్టుతున్నట్లుంటుంది. చూపు చెదరుతుంది, మెడ నొస్తుంది. కనుక రైతు పడే బాధలు నిజానికి రెండు. హెల్మెట్ అంచుల వద్ద, గదుమ క్రింది సందులో పుట్టే చిన్న సుడులది రొద. అద్దము అంచునుండి వచ్చే పెద్ద సుడులది అదురు.

ఇట్లు నిలకడగా సాగే గాలి చెదరి సుడులుగా మారే ఘట్టము ప్రవాహశాస్త్రములో మిక్కిలి జటిలమైనది. దీనిని జీవితకాలము పరిశోధించిన వారిలో రొద్దం నరసింహ ఒకరు. ఆయన పేరులోని రొద్దము పెనుకొండ సమీపమున ఉన్న గ్రామము పేరే. బెంగుళూరులో ఆయన, సతీష్ ధావన్ కలిసి ఈ మార్పును గురించి 1958లో వెలువరించిన పరిశోధన ప్రసిద్ధమైనది. నరసింహ 2020లో గతించినారు.

అంచును దాటిన గాలి

అద్దము ముఖమున గాలి పైకి ఎక్కి, అంచును విడిచి వెనుకకు పోతుంది. అంచుకు పైన పరుగెత్తే గాలి. అంచుకు క్రింద, అద్దము చాటున, దాదాపు నిలిచిన గాలి. ఈ రెండు ఒరసికొనే చోట ఒక పొర ఏర్పడుతుంది. ఆ పొర చుట్టలు చుట్టుకొని సుడులవుతుంది. వెనుకకు పోయినకొలది దళసరి అవుతుంది. దాని పైన ఉన్నది శుభ్రమైన గాలి. దాని క్రింద ఉన్నది నెమ్మదియైన గాలి. పొరలో ఉన్నది కల్లోలము.

తలకు మూడు స్థానములు సాధ్యము. పొట్టి అద్దము గాలిని ఎదురురొమ్ముపైకి మాత్రమే మళ్ళిస్తే, తల శుభ్రమైన గాలిలో ఉంటుంది. రొద ఉన్నా అదురు ఉండదు. తగిన ఎత్తు అద్దము గాలిని నెత్తిమీదుగా పంపితే, తల నెమ్మదియైన గాలిలో ఉంటుంది. నడితరపు అద్దము ఆ సుడుల పొరను సరిగా గొంతుకు, నుదుటికి నడుమ కొడితే రెండు బాధలు కలుగుతాయి. అద్దము పెట్టిన తరువాత రొద హెచ్చినదనేవారి తల తరచు ఈ మూడవ స్థానములోనే ఉంటుంది.

కనుక తల పూర్తిగా పొర పైననో, పూర్తిగా పొర క్రిందనో ఉండవలె. పొర క్రింద ఉండగోరేవారికి, మామూలుగా కూర్చున్నప్పుడు అద్దము పై అంచు ముక్కుకు, పై పెదవికి సమానమైన ఎత్తులో ఉండుట ఒక మంచి మొదటి అంచనా. గాలి అంచును విడిచేటప్పుడు పైకి లేచియే పోతుంది గనుక అంతకంటె ఎత్తు సాధారణముగా అవసరముండదు. కంటికి మించిన ఎత్తు ప్రమాదకరము. రాత్రివేళ ఎదుటి దీపముల వెలుగు, వానచుక్కలు, గీతలు పడిన అద్దము కలిసినప్పుడు దారి కనబడదు. చూపు ఎల్లప్పుడు అద్దము పైనుండి పోవలెనే గాని అద్దములోనుండి పోరాదు. ఈ లెక్క మనిషి కూర్చున్న ఎత్తునుబట్టి మారుతుంది. తండ్రికి కుదిరిన అద్దము కొడుకుకు కుదరకపోవచ్చును.

ఖర్చులేని పరీక్ష

కొత్త అద్దము కొనుటకు ముందు ఉన్న అద్దముతోనే ఒక పరీక్ష చేయవచ్చును. రాకపోకలు లేని తిన్నని రోడ్డుపై, రెండు చేతులు హ్యాండిలుపైననే ఉంచి, ఒకే వేగముతో పోతూ నడుము నాలుగు వ్రేళ్ళ మేర వంచవలె. రొద, అదురు తగ్గితే తల పొరలో ఉన్నదన్నమాట. అద్దము అంచు సుమారు అంత పైకి రావలె. అట్లుగాక నిటారుగా సాగినప్పుడు తగ్గితే అంచు దిగవలె. రెండిటికీ మార్పు లేకపోతే లోపము అద్దముది కాదు, హెల్మెట్‌ది.

సుడుల జాడను కంటితోనే చూడవచ్చును. గాలిసొరంగములలో శాస్త్రజ్ఞులు నమూనాలపై దారపు పోగులు అంటించి ప్రవాహమును గమనిస్తారు. ధర్మవరము మగ్గములదగ్గర దొరికే పట్టుదారపు తునకలను అద్దము అంచుకు, హెల్మెట్‌కు అంటించి, ప్రక్కన మరొక బండిమీద వెనుక కూర్చున్నవారు చూస్తే చాలును. గాలి నిలకడగా ఉన్నచోట పోగు తిన్నగా వెనుకకు నిలుస్తుంది. సుడి ఉన్నచోట గిరగిర తిరుగుతుంది.

అంచు ఎత్తు సరిపోయినా అదురు తగ్గకపోతే అద్దము వెనుక ఏర్పడే అల్పపీడనము కారణము కావచ్చును. ఆ లోటు నింపుటకు గాలి ప్రక్కలనుండి, పైనుండి లోపలికి దూకుతుంది. అద్దము అడుగున, హెడ్‌లైటు పైన, కొద్దిపాటి ఖాళీ విడిస్తే గాలి అక్కడనుండి నెమ్మదిగా వచ్చి ఆ లోటును తీరుస్తుంది. అద్దము వాలును కొంచెము మార్చినా పొర దారి మారుతుంది.

మరికొన్ని జాగ్రత్తలు

పెనుకొండమీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఉత్తర దక్షిణములుగా సాగుతుంది. అక్కడ పడమటి గాలి ప్రక్కనుండి కొడుతుంది. హ్యాండిలుకు బిగించిన పెద్ద అద్దము ఆ తాకిడిని నేరుగా హ్యాండిలుకు అందిస్తుంది. లారీని దాటేటప్పుడు బండి హఠాత్తుగా ప్రక్కకు లాగుతుంది. ఆ దారిన తరచు పోయేవారికి చిన్న అద్దము గాని, బండి చట్రమునకు బిగించే అద్దము గాని మేలు.

పాలికార్బనేటు అద్దము దెబ్బకు సులభముగా పగలదు. ఆక్రిలిక్ అద్దము గీతలను కొంత ఎక్కువ ఓర్చుకుంటుంది గాని పగిలే గుణము కలది. దేనినైనను పొడిగుడ్డతో తుడిస్తే దుమ్ము గీతలు పెడుతుంది. ముందు నీళ్ళు పోసి, సబ్బునీటితో కడగవలె. పెట్రోలు తగలనీయరాదు.

చెవి విలువ

ఇంగ్లండులో 1990 దశకములో హెల్మెట్ లోపల, చెవి దగ్గర జరిపిన కొలతలలో గంటకు 60 కిలోమీటర్ల వద్ద సుమారు 90, 160 కిలోమీటర్ల వద్ద 110 డెసిబెల్‌ల రొద తేలినది. 85 డెసిబెల్‌లను దినమునకు 8 గంటలు మించి వినరాదని, అక్కడనుండి ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ కాలము సగమవుతుందని ఒక ప్రమాణమున్నది. దాని ప్రకారము 91 డెసిబెల్‌లకు హద్దు రెండు గంటలు. ఎదురుగాలిలో, 90 కిలోమీటర్ల గాలివేగము వద్ద, రొద 98 డెసిబెల్‌ల దరిదాపులకు చేరుతుంది. అప్పుడు హద్దు అరగంటకు లోపే. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే సన్నని రోమకణములు నశిస్తే మనిషిలో అవి తిరిగి మొలవవు. ఇంటికి వచ్చిన తరువాత వినిపించే గింగురు ఆ కణములు పడిన శ్రమకు గుర్తు.

మంచి అద్దము అదురును పోగొట్టుతుంది, రొదను కొంత తగ్గిస్తుంది, పూర్తిగా ఆపలేదు. మిగిలినదానికి మందుల షాపులో దొరికే మెత్తని చెవిబిరడాలు చవుకయైన ఉపాయము. గదుమ క్రింది సందును తువాలుతో మూసినా కొంత మేలు కలుగుతుంది. అయితే తువాలు కొసలు చొక్కాలోపలికి దోపుకోవలె, చక్రమునకు, గొలుసునకు అందరాదు. అన్నిటికంటె సులభమైనది ఎదురుగాలి రోజున వేగము తగ్గించుకొనుట. 60 కి బదులు 45 తో పోతే తాకే గాలి వేగము 90 నుండి 75 కు దిగుతుంది. రొద 4 డెసిబెల్‌లు తగ్గుతుంది. అనగా చెవి ఓర్చుకొనగల కాలము రెండు రెట్లకు మించుతుంది. ఇల్లు చేరుటకు పట్టే కాలము మాత్రము మూడవవంతే పెరుగుతుంది.