పిలుపుకూ చూపుకూ మధ్య ఒక్క సెకను

ఏడాది నిండిన పిల్లలు పేరు పెట్టి పిలిస్తే సాధారణంగా తలతిప్పి చూస్తారు. ఎన్నిసార్లు పిలిచినా చూడకపోవడం ఆటిజం తొలి గుర్తుల్లో ఒకటి. చూశారా లేదా అన్నది మనకు తెలుస్తుంది. ఎంతసేపటికి చూశారన్నది మాత్రం కంటికి ఆనదు.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జెరాల్డిన్ డాసన్, గిలెర్మో సపీరో బృందం ఆ కొలత పనిని ట్యాబ్లెట్ కెమెరాకు అప్పగించింది. పెద్దవాళ్ల ఒళ్లో కూర్చుని బిడ్డ తెరమీద వీడియో చూస్తుంటే వెనక నుంచి ఒకరు పేరు పెట్టి పిలుస్తారు. కళ్లు, ముక్కు, నోరు ఎటు జరిగాయో గమనిస్తూ తల తిరిగిన క్షణాన్ని ప్రోగ్రాం పట్టుకుంటుంది. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆటిజం ఉన్న పిల్లలు తల తిప్పడానికి సగటున 2.02 సెకన్లు తీసుకున్నారు, మిగతావాళ్లు 1.06 సెకన్లు. కిటకిటలాడే ఓపీలో ఎంత అనుభవమున్న డాక్టరుకైనా ఆ ఒక్క సెకను దొరకదు.

ఒక్క గుర్తును నమ్ముకుంటే చాలదు. అందుకే ఆ బృందమే చూపు ఎక్కడ నిలుస్తోంది, ముఖంలో భావాలు ఎలా మారుతున్నాయి, బుడగలు పగలగొట్టే ఆటలో వేలు ఎలా కదులుతోంది అన్నవన్నీ కలిపి లెక్కించింది. 2023లో ప్రచురించిన ఈ అధ్యయనంలో 17 నుంచి 36 నెలల పిల్లలు 475 మంది ఉన్నారు. వారిలో ఆటిజం ఉన్న 49 మందిలో 87.8 శాతాన్ని యాప్ గుర్తించింది. ఎదుగుదల మామూలుగా ఉన్న పిల్లల్లో 80.8 శాతం మందికి లేదనే చెప్పింది. అంటే అలాంటి ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరిని పొరపాటుగా అనుమానించింది. నా దృష్టిలో ఈ అంకే ముఖ్యం. యాప్ అనుమానం చెప్పగలదు, నిర్ధారణ మాత్రం నిపుణులే చెయ్యాలి.

మనలాంటి దేశానికి ఆ అనుమానం కూడా విలువైనదే. నిపుణులు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నారు. ఢిల్లీలో ఆటిజాన్ని పసిగట్టే స్టార్ట్ అనే ట్యాబ్లెట్ యాప్‌ను నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలే తక్కువ వనరులున్న ఇళ్లకు తీసుకెళ్లి పరీక్షించారు. ఆశా కార్యకర్త చేతికి అందే పరికరమే మన పల్లెలకు అక్కరకొస్తుంది.

అది వచ్చేదాకా ఆగకండి. "మగపిల్లాడు కదా, మాటలు ఆలస్యంగా వస్తాయిలే" అని నెలలు గడపొద్దు. పిలిస్తే పలకని బిడ్డకు ముందు వినికిడి పరీక్ష చేయించండి, ఆపైన పిల్లల డాక్టరుకు చూపించండి.