స్టూడియో ఫ్లోరు: వెలుతురు, నిశ్శబ్దం

షూటింగ్ జరిగే పెద్ద గదిని మన పరిశ్రమలో ‘ఫ్లోరు’ అంటారు. ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే గోదాములా ఉంటుంది. దానికి రోజువారీ అద్దె ఎందుకు కడతారో తెలియాలంటే, అది దేన్ని లోపలికి రానివ్వదో మీరు గమనించాలి.

తొలిరోజుల్లో చిక్కంతా వెలుతురుతోనే. 1893లో అమెరికాలో ఎడిసన్ కోసం కట్టిన ‘బ్లాక్ మరియా’ స్టూడియోకు పైకప్పు తెరుచుకునేది. ఎండ పడే దిక్కుకు భవనాన్నే గుండ్రటి పట్టాపై తిప్పేవారు. 1897లో ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ గోడలు, కప్పు అద్దాలతో కట్టించాడు. మూకీలకు అది చాలు. బయట కుక్క మొరిగినా ఫిల్ముకు పట్టదు కదా!

మాట వచ్చాక పరిస్థితి తారుమారైంది. ‘ఆలం ఆరా’ (1931) తీసిన బొంబాయి స్టూడియో పక్కనే రైలు పట్టాలు. అందువల్ల రైళ్ళ రాకపోకలు ఆగిన రాత్రివేళల్లో చాలా భాగం చిత్రీకరించారు. మద్రాసులో అప్పటికి టాకీ స్టూడియోయే లేదు. మన ‘భక్త ప్రహ్లాద’ (1932) కూడా బొంబాయిలోనే తయారైంది.

ఇక్కడ రెండు పనులను వేరుచేసి చూడండి. జవాబు పత్రాల్లో చాలామంది కలగలిపేసేది ఇక్కడే. బయటి చప్పుడును ఆపేది బరువు: మందపాటి గోడ, బరువైన కప్పు, సందు లేకుండా మూసుకునే జంట తలుపులు. లోపలి ప్రతిధ్వనిని తగ్గించేది మెత్తదనం: గోడలకు లోపలివైపు అమర్చే, ధ్వనిని పీల్చుకునే పొర. ఒకటి రెండోదాని పని చేయలేదు.

కిటికీలు ఉండవు కాబట్టి వెలుతురంతా దీపాలదే. సెట్టు పైన కట్టిన నడకదారుల నుంచి లైట్‌మెన్ వాటిని అమర్చుతారు. ‘మాయాబజార్’ (1957)లో మీరు చూసిన వెన్నెల మార్కస్ బార్‌ట్లే స్టూడియో దీపాలతో సృష్టించినదే.

డబ్బింగ్ అలవాటు వల్ల మనవాళ్ళు రేకుల షెడ్డును కూడా ఫ్లోరు అనేస్తున్నారు. మాటలు తరువాత చెప్పించుకునేటప్పుడు ఇబ్బంది లేదు. సంభాషణ అక్కడికక్కడే రికార్డు చేయాలంటే మాత్రం ఒక్క వాన చాలు, ఆ రోజు అద్దె, నటుల కాల్షీటు రెండూ వృథా. ఫ్లోరు చూడ్డానికి వెళ్తే తలుపులు మూయించి, ఏసీ ఆపించి కాసేపు వినండి. తరువాత గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: బస్సులు తిరిగే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. గోడలకు, కప్పుకు లోపలంతా స్పాంజి అంటించారు. సీరియల్ సంభాషణల రికార్డింగుకు దాన్ని తీసుకోవచ్చా? కారణంతో రాయండి.