గృహ ఆరోగ్య సంరక్షణలో ఉపాధి అవకాశాలు

గృహ ఆరోగ్య సంరక్షణ అనగా రోగి, వృద్ధులు, బాలింత లేదా పసిబిడ్డ ఉన్న ఇంటికే వెళ్ళి అందించే వైద్య, పరిచర్య సేవలు. పక్షవాతం వచ్చినవారిచేత వ్యాయామం చేయించడం, మంచం పట్టినవారికి స్నానం చేయించి, ఆహారం పెట్టి, ఒంటికి పుండ్లు పడకుండా చూడడం, శస్త్రచికిత్స తరువాత కట్లు మార్చడం, శిశువు బరువును, ఉష్ణోగ్రతను గమనించడం ఇందులోని ముఖ్యమైన పనులు. ఈ రంగంలో పని దొరకడం కంటె పై మెట్టుకు ఎదగడం కష్టం. అందువలన ఏ అర్హతతో ప్రవేశించాలన్నది విద్యార్థి ముందుగానే తెలుసుకోవలసిన విషయం.

నేపథ్యం

పూర్వం ఈ పనులను కుటుంబంలోని స్త్రీలే చేసేవారు. కుటుంబాలు చిన్నవి కావడం, పిల్లలు నగరాలకు, విదేశాలకు వెళ్ళడం వలన పరిస్థితి మారింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కొక్క స్త్రీకి కలిగే సగటు సంతానం తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7 మాత్రమే.

మహబూబాబాదు జిల్లాలోని గూడూరు మండలం 2016 అక్టోబరు 11కు ముందు వరంగల్ జిల్లాలో ఉండేది. లంబాడీ తండాలు, కోయ గూడేలు ఉన్న ఈ ప్రాంతంలో ఇంటివద్ద వైద్యసేవ అంటే ప్రధానంగా ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది చేసేదే. జీతమిచ్చి పరిచారకులను పెట్టుకొనే కుటుంబాలు ఎక్కువగా హైదరాబాదు, వరంగల్ వంటి నగరాలలో ఉన్నాయి. కనుక ఇటువంటి మండలాల యువతకు రెండు దారులు కలవు: ఊరిలో ఉండి చేసే ప్రభుత్వ సేవ, నగరానికి వెళ్ళి చేసే ప్రైవేటు ఉద్యోగం.

ప్రభుత్వ రంగం

• ఆశా కార్యకర్త: 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఈ వ్యవస్థ ఏర్పడింది. సుమారు వెయ్యిమంది జనాభాకు ఒకరు ఉంటారు. ఆ గ్రామ నివాసి అయిన స్త్రీనే ఎంపిక చేస్తారు. 2011లో మొదలైన కార్యక్రమం ప్రకారం ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆశా ఇంటికి వెళ్ళి తల్లినీ బిడ్డనూ చూడాలి. ఇంటివద్ద కాన్పు అయితే మొదటి రోజు కూడా వెళ్ళాలి. ఆశాలను ప్రభుత్వ ఉద్యోగులుగా పరిగణించరు. వారికి చెల్లించేది పారితోషికమే.
• ఏ.ఎన్.ఎం.: ఉపకేంద్రం పరిధిలోని గ్రామాలలో గర్భిణుల పరీక్ష, టీకాలు వీరి బాధ్యత.
• ఉపశమన సేవలు: క్యాన్సరు ముదిరినవారికి, కదలలేనివారికి నొప్పి తగ్గించే సేవ ఇది. తెలంగాణలో "ఆలన" పేరుగల వాహనాలలో సిబ్బంది రోగుల ఇళ్ళకు వెళతారు. ఈ విషయంలో కేరళ ముందున్నది. 2008లోనే ఉపశమన సేవల విధానాన్ని ప్రకటించింది.

ప్రైవేటు రంగం

నగరాలలో కార్పొరేటు ఆసుపత్రుల గృహసేవా విభాగాలు, ప్రత్యేక సంస్థలు, చిన్న ఏజెన్సీలు సిబ్బందిని ఇళ్ళకు పంపుతాయి. నర్సులు, ఫిజియోథెరపిస్టులు, రక్తనమూనాలు సేకరించేవారు, సంరక్షకులు ఇందులో పనిచేస్తారు. కోవిడ్ కాలంలో, 2021 జూన్ 18న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన స్వల్పకాలిక శిక్షణలోని ఆరు విభాగాలలో గృహ సంరక్షణ ఒకటి.

అర్హతలు, ఎదుగుదల

• సంరక్షకులు: కొద్ది నెలల శిక్షణ చాలు. అయితే నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు ఉండదు. ఇంజెక్షన్లు, సెలైన్ ఇవ్వడం వీరి పని కాదు.
• ఏ.ఎన్.ఎం.: ఇంటర్మీడియట్ తరువాత రెండేళ్ళు. ఇంటర్మీడియట్ వృత్తివిద్యలో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు కూడా ఉంది.
• జి.ఎన్.ఎం.: ఇంటర్మీడియట్ తరువాత మూడేళ్ళు.
• బి.ఎస్సీ. నర్సింగు: సైన్సుతో ఇంటర్మీడియట్ తరువాత నాలుగేళ్ళు.
• ఫిజియోథెరపీ: నాలుగేళ్ళ చదువు, ఆపై ఇంటర్న్‌షిప్.

నమోదైన ఏ.ఎన్.ఎం. జి.ఎన్.ఎం.లో చేరవచ్చు. జి.ఎన్.ఎం. చదివినవారు రెండేళ్ళ పోస్ట్ బేసిక్ కోర్సుతో పట్టభద్రులు కావచ్చు. సంరక్షకులకు ఇటువంటి మెట్లు లేవు. ఎన్నేళ్ళ అనుభవమున్నా నర్సు కావాలంటే నర్సింగు కోర్సులో మొదటి ఏడాదిలోనే చేరాలి. అందువలన ఇంటర్మీడియట్ పూర్తిచేసి, చదువుకొనే వీలున్నవారు స్వల్పకాలిక శిక్షణతో ఆగిపోకపోవడం మేలు.

పని పరిస్థితులు

విధులు సాధారణంగా 12 లేదా 24 గంటలు ఉంటాయి. 24 గంటల విధిలో సంరక్షకులు ఆ ఇంటిలోనే ఉండాలి. కుటుంబం చెల్లించే మొత్తంలో కొంత ఏజెన్సీకి పోతుంది. చేరేముందు చేతికి వచ్చే జీతం, నిద్ర, భోజనం, సెలవుల సంగతి వ్రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఇంటిపని, వంట సంరక్షకుల విధులలో చేరవు. చేయవలసిన పనులు కూడా ఆ పత్రంలో ఉండడం మంచిది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నివారణకు చేసిన 2013 చట్టం ప్రకారం నివాసగృహం కూడా పని ప్రదేశమే. బాధితులు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

విదేశాలలో

తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు, సంరక్షకులకు విదేశీ ఉద్యోగాలు చూపిస్తుంది. భారత్, జపాన్‌ల మధ్య 2021 జనవరిలో కుదిరిన ఒప్పందంలో వృద్ధుల సంరక్షణ ఒక రంగం. దీనికి జపాను భాషా పరీక్ష తప్పనిసరి. ఇళ్ళకు వెళ్ళి చేసే సేవలకు ఆ దేశం 2025 ఏప్రిల్ నుండి విదేశీయులను అనుమతించింది. బ్రిటన్ మాత్రం 2025 జూలై 22 నుండి విదేశాలలో ఉన్న సంరక్షకులను కొత్తగా నియమించుకోవడం నిలిపివేసింది. నియమాలు ఇలా మారుతుంటాయి గనుక దళారికి డబ్బు కట్టేముందు ఆ దేశపు తాజా నిబంధనలు తెలుసుకోవాలి.