సాయం ఉంది, చేరే దారేది? ఆమెనే అడగాలి

నూజివీడు: వేసవి వచ్చిందంటే నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటలన్నీ కూలీలతో కళకళలాడతాయి. మగవాళ్లు చిక్కాలతో కాయ దింపుతుంటే ఆడవాళ్లు బంగినపల్లిని, రసాలను, కలెక్టరు కాయలను వేరుచేస్తారు. మధ్యాహ్నం చెట్టు నీడన సద్ది విప్పుకునే వేళ ఒకామె చేతిమీది కమిలిన మచ్చ పక్కామె కంట పడుతుంది. "ఏమైంది వదినా?" అంటే, "గుమ్మం తగిలిందిలే" అని జవాబు. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు. రెండో ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 18 నుంచి 49 ఏళ్ల వయసున్న, పెళ్లయిన స్త్రీలలో నూటికి సుమారు 30 మంది భర్త చేతిలో హింస అనుభవించారు. దేశం మొత్తం మీద చూస్తే, హింసకు గురైన వారిలో సాయం కోరినవారు నూటికి 14 మందే. 77 మంది ఎవరితోనూ చెప్పుకోలేదు. నోరు విప్పిన కొద్దిమందిలోనూ ఎక్కువ మంది వెళ్లింది పుట్టింటికే.

చట్టం ఏం చెబుతోంది?

గృహహింస చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతోంది. కొట్టడం ఒక్కటే కాదు, తిట్టి అవమానించడం, కూలి డబ్బు లాక్కోవడం కూడా ఈ చట్టం కింద హింసే. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, చట్టప్రకారం తప్ప ఆమెను గెంటివేయడానికి వీల్లేదు. ఆమె వెళ్లలేకపోతే ఇరుగుపొరుగు వారైనా రక్షణాధికారికి కబురు చెప్పవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారిపై ఏ కేసూ ఉండదు. ఆదాయంతో పనిలేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం ఉంది. 181 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది. వైద్యం, పోలీసు సాయం, తాత్కాలిక వసతి ఒకేచోట అందించే సఖి కేంద్రాల పథకం 2015లో మొదలైంది.

మరి చేరలేకపోవడం ఎందుకు?

నూజివీడు 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. అంతకుముందు జిల్లా కార్యాలయానికి మచిలీపట్నం వెళ్లాల్సినవారు ఇప్పుడు ఏలూరు వెళ్లాలి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవారికి చార్జీ లేదు. కానీ ఆ రోజు కూలి పోతుంది. చంకలో బిడ్డ ఉంటుంది. "ఎక్కడికే పొద్దున్నే?" అని బస్టాపులో నలుగురూ అడుగుతారు. ఫోను చేద్దామంటే, సర్వే నాటికి రాష్ట్రంలో తాము వాడుకోను సొంత ఫోను ఉన్న స్త్రీలు దాదాపు సగం మందే. భర్త ఫోనులో నొక్కిన నంబరు భర్త కంటే పడుతుంది.

అడిగితే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట చెబుతుంది. 1990ల మొదట్లో అక్షరాస్యత కోసం పెట్టిన రాత్రి బడుల్లో ఆడవాళ్లు నలుగురూ ఒకచోట చేరారు. ఓనమాలతోపాటు ఇంట్లో సారా తెచ్చిన తన్నులు, పస్తులు మాటల్లోకి వచ్చాయి. అక్కడ మొదలైన ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధానికి దారితీసింది. వాళ్లను ఏ కార్యాలయమూ పిలిపించలేదు. వాళ్లకు వీలైన వేళ, వీలైన చోట కూర్చోవడమే పనిచేసింది.

అడగడానికీ పద్ధతి ఉంది

ఇంటింటికీ వెళ్లి అత్తమామల ముందు "నిన్ను కొడుతున్నారా?" అంటే ఆ రాత్రి మరో నాలుగు తగులుతాయి. జాతీయ సర్వేలో ఈ ప్రశ్నలకు ఇంటికి ఒక్క స్త్రీనే ఎంచుకుంటారు. ఆమె ఒంటరిగా ఉంటేనే అడుగుతారు. చాటు దొరక్కపోతే ఆ ప్రశ్నలు వదిలేస్తారు.

ఇక్కడా అదే జాగ్రత్తతో అడగవచ్చు. డ్వాక్రా సంఘం సమావేశం, అంగన్‌వాడీలో బిడ్డ బరువు చూసే రోజు, ఆసుపత్రిలో గర్భిణుల పరీక్ష... ఇవి ఎవరికీ అనుమానం రాని చోట్లు. ఎవరితోనైతే చెప్పుకుంటావు? ఏ వేళ రాగలవు? నూజివీడులోనే వారానికో రోజు అధికారి కూర్చుంటే వస్తావా? కోతల రోజుల్లో సాయంత్రం అయితే వీలా? పేరు రాసుకోకుండా ఈ నాలుగూ అడిగితే చాలు. వచ్చిన జవాబులను బట్టి వేళలు, చోట్లు మార్చడం అధికారుల వంతు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగే ధైర్యం లేనిది దెబ్బలు తిన్న మనిషికి. కాబట్టి ముందుగా అడగవలసింది పెట్టేవారే. ఈలోగా చెట్టు కింద కూర్చున్న వదినమ్మలు చేయగల పని ఒకటుంది. కాగితం మీద రాసివ్వనక్కర్లేదు. 181 అన్న మూడంకెలు చెవిలో వేస్తే చాలు.