ఆ గడి ఖాళీగా వదలకండి
జీపీ ఫారంలో 'ఎథ్నిసిటీ' గడి రాగానే మనలో చాలామందిమి 'చెప్పదలచుకోలేదు' అని టిక్ పెట్టేస్తాం. నర్సునై ఉండి నేనూ కొన్నేళ్లు అదే చేశాను.

ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు, జీపీలు, కౌన్సిళ్లు కలిసి పనిచేసేలా 2022 జూలై 1న 42 ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డులు వచ్చాయి. ఎక్కడ, ఎవరికి వైద్యం సరిగ్గా అందట్లేదో చూసి డబ్బూ సేవలూ సర్దడం వాటి బాధ్యత. ఆ లెక్కకు ఇలాంటి గడులే ఆధారం.

మనవాళ్లకు షుగర్ ముప్పు ఎక్కువ. అందుకే తెల్లవాళ్లకు బీఎంఐ 25 హద్దయితే, మనకు 23కే జాగ్రత్త చెబుతారు. మనం లెక్కలో లేకపోతే మన అవసరమూ కనబడదు. అడగందే అమ్మయినా పెట్టదు కదా!

ఈసారి గడి నింపండమ్మా. ఇంట్లో అత్తయ్యగారికి ఇంగ్లీషు రాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని రాయించండి. అది ఉచితమే.