ఇంట్లో కుక్కకూ పని కావాలి

మన కె.ఆర్.పురంలో వానలు పట్టుకుంటే రోడ్ల సంగతి చదువరులకు చెప్పనక్కరలేదు. కాళ్ల కింద నీళ్లు, హ్యాంగింగు బ్రిడ్జి దాకా వాహనాల బారు. మనుషులే గడప దాటడానికి వెనుకాడుతూంటే, ఇక కుక్కను తిప్పేదెవరు?

మా రాజు నాటుకుక్క. పోయిన వానల్లో వారం రోజులు ఇల్లు కదలకుండా ఉండేసరికి చెప్పులు కొరికాడు, పరుపు చింపాడు, లిఫ్టు చప్పుడైతే చాలు మొరిగాడు. పొరుగువారు మర్యాదగానే రెండుసార్లు చెప్పి చూశారు. మూడవసారి చెప్పించుకోవడమెందుకని, వాడిని చిత్తూరు దగ్గరి మా పొలానికి పంపివేద్దామని నిశ్చయించుకున్నాము. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు.

చివరకు పశువైద్యునికి చూపించాము. ఆయన నవ్వి, "వీడికి రోగం లేదండీ, పని లేదు, అంతే" అన్నారు. ఆయన చెప్పిన ఆటలు ఇవి.

కుక్కకు ముక్కే కన్ను. మూడు కప్పులు బోర్లించి, ఒకదాని కింద ఇడ్లీ ముక్క దాచండి. మొదట వాడు చూస్తుండగా దాచి, అలవాటయ్యాక కప్పుల చోట్లు మార్చాలి. పాత తువ్వాలులో వాడి తిండి ముక్కలు చల్లి వదులుగా చుట్టి ఇస్తే, విప్పుకుని తింటాడు. గుడ్డ నమిలే కుక్కయితే మాత్రం దగ్గర ఉండి చూడాలి. దాగుడుమూతలు పిల్లలకూ ఇష్టమే: ఒకరు పట్టుకుంటే, ఇంకొకరు తలుపు చాటునుంచి పిలవాలి.

పేర్లు నేర్పడం మరొక ఆట. అమెరికాలో చేసర్ అనే కుక్క 1,022 బొమ్మలను పేర్లతో గుర్తుపట్టిందని 2011లో ప్రకటించారు. మన కుక్కకు బంతి, చెప్పు తెలిస్తే చాలదా!

ఇక్కడ మన ఇళ్లలో ఒక చిక్కున్నది. అమ్మ "రా" అంటుంది, పిల్లలు "బా" అంటారు, అన్నయ్య "కమాన్" అంటాడు. పాపం, రాజు ముగ్గురినీ చూస్తూ నిలబడేవాడు. మూడు భాషలూ మనకు ముద్దే గాని, కుక్కకు ఒక పనికి ఒకటే మాట ఉండాలి. మా ఇంట్లో "రా" గెలిచింది.

పూటకు పది నిమిషాలు చాలు. వాడు విసుగు చెందకముందే, గెలిచిన దగ్గర ఆట ఆపాలి. ఆటలో పెట్టినంత తిండి గిన్నెలో తగ్గించాలి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. నున్నని టైల్స్ మీద బంతి విసిరి పరుగెత్తించకండి. కాళ్లు జారి కీళ్లు దెబ్బతింటాయి. వాన వెలిశాక షికారు మానరాదు. ఈ ఆటలు దానికి తోడే గాని బదులు కావు.

రాజు మొరగడం పూర్తిగా మానాడనము, బాగా తగ్గించాడు. పొలం మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. ఇప్పుడు చినుకు పడితే చాలు, తువ్వాలు నోట కరచుకుని అమ్మ దగ్గరకు పోతున్నాడు.